ఎడ్వర్డ్ చక్రవర్తి 1910లో పోతే, జార్జి పట్టాభిషేకం 1911 దాకా ఎందుకు ఆగింది?

బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ 1910 మే 6న మరణించగా, ఆయన కుమారుడు ఐదవ జార్జి పట్టాభిషేకం 1911 జూన్ 22న గాని జరగలేదు కదా, అన్నాళ్లూ సింహాసనం ఖాళీగా ఉందా అని పర్లాకిమిడి మిత్రులొకరు అడిగారు. ఖాళీగా లేదు. బ్రిటిష్ సంప్రదాయంలో తండ్రి కన్నుమూసిన క్షణమే వారసుడు రాజవుతాడు. పట్టాభిషేకం ఉత్సవం మాత్రమే కనుక, మన ఇళ్లలో ఏటిసూతకం తీరేదాకా పెళ్లి తలపెట్టనట్టే, సంతాపకాలం గడిచాకే దానిని జరుపుతారు.

మే 20 నాటి అంతిమయాత్రలో తొమ్మిది మంది రాజులు గుర్రాలపై సాగగా, వారందరికంటే ముందు, శవపేటిక వెనుక, ఒక సేవకుడు ఎడ్వర్డ్ పెంపుడు కుక్క సీజర్‌ను నడిపించాడు. జర్మనీ చక్రవర్తి సైతం కుక్క వెనుకే రావలసి వచ్చింది, అంత మర్యాదల లెక్కల్లోనూ!

పర్లాకిమిడి అప్పట్లో ఉన్న గంజాం జిల్లా వారికి వీటన్నిటికంటే ముఖ్యమైనది 1911 డిసెంబరు 12 నాటి ఢిల్లీ దర్బారు, అంటే జార్జి పట్టాభిషేకానికి గుర్తుగా ఇక్కడ జరిపిన కొలువు. రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మార్చడం, బెంగాల్ విభజనను సవరించడం జార్జి అక్కడే ప్రకటించారు. ఆ మార్పులతో 1912లో బీహారు-ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినా, గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలో చేరింది 1936 ఏప్రిల్ 1న, అదీ జమీందారీలో కొంత భాగాన్ని మద్రాసు వైపే వదిలి.