సెక్షన్ నంబర్లతో మొదలుపెట్టకు

కర్నూలు

అమ్మా,

బార్ అసోసియేషన్‌లో కాంపిటీషన్ చట్టం (వ్యాపారులు కుమ్మక్కై పోటీని చంపకుండా చూసే చట్టం) విభాగాన్ని ఈ ఏడాదికి నీకు అప్పగించారని నిన్న సాయంత్రం ఫోన్‌లో చెప్పావు. ఏడాదంతా ఏం చేయాలో తోచడం లేదు, టెన్షన్‌గా ఉందన్నావు. ఫోన్‌లో తేలే మాట కాదు కాబట్టి రాస్తున్నాను. ఆ పని రెండేళ్లు నేను చూశాను. మొదటి ఏడాది సరిగా చేయలేకపోయాను. అందుకే ఇంత వివరంగా చెప్పాలనిపించింది.

అప్పుడు బయటి నుంచి పెద్ద వక్తలను పిలిపించాను. సెక్షన్ 3 అంటే కుమ్మక్కు ఒప్పందాలు, సెక్షన్ 4 అంటే మార్కెట్లో పెద్దవాడు చేసే ఆధిపత్య దుర్వినియోగం అంటూ గంటన్నర సాగింది. వెనక బెంచీల్లో జూనియర్లు మర్నాటి వాయిదాల కట్టలు విప్పి చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. రోజంతా సివిల్, క్రిమినల్ ఫైళ్లతో సరిపోయేవాళ్లకు ఢిల్లీలో, ఈ చట్టం కింద కేసులు వినే కాంపిటీషన్ కమిషన్ ముందు జరిగే విచారణ ఎక్కడిదో సంగతి. అదే జూనియర్‌ను పిలిచి 'రింగ్ అయ్యారు' అంటే ఏమిటని అడుగు, ఆపకుండా చెబుతాడు. వేలం పాటలో ఒకడు పాడితే మిగతావాళ్లు గుడ్‌విల్ పేరుతో డబ్బు పుచ్చుకుని తప్పుకోవడం, మద్యం షాపుల సిండికేట్, కాంట్రాక్టర్లు వంతులేసుకుని పనులు పంచుకోవడం మనవాళ్లు చూడనివి కావు. అమెరికా వాళ్లు యాంటీట్రస్ట్ అన్నా, మన పార్లమెంటు 2002లో కాంపిటీషన్ చట్టం అని పేరు పెట్టినా, మన ఊరి భాషలో అది సిండికేట్ సంగతే.

కాబట్టి ప్రతి సమావేశంలోనూ బల్ల మీద ఒక అసలు కాగితం ఉండాలి. టెండరు వేసినవాళ్ల రేట్లు పక్కపక్కన చూపే కంపారిటివ్ స్టేట్‌మెంట్ కావచ్చు, యార్డులో సరుకు కుప్పకు రాసే లాటు చీటీ కావచ్చు, మందుల ఏజెన్సీ కావాలంటే ముందు వ్యాపారుల సంఘం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెమ్మన్న ఉత్తరం కావచ్చు. కాగితం చదివాకే చట్టం పుస్తకం తెరవండి.

నెలనెలా పెట్టకు. ఏడాదికి ఆరు చాలు. 2009లో సెక్షన్ 3, 4 అమల్లోకి వచ్చింది మే 20న కాబట్టి ఆ రోజు పెడదామని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు వేసవి సెలవులు, బార్ హాల్లో నలుగురు కూడా ఉండరు. జూన్‌లో మొదలుపెట్టు. దసరా, సంక్రాంతి వారాలు వదిలెయ్. మార్చిలోపు టెండర్ల హడావుడి ఉంటుంది, ఆ రోజుల్లో మాత్రం ఒకటి తప్పకుండా పెట్టు.

మొదటిసారి రెండు సుప్రీంకోర్టు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివించు. 2017 నాటి ఎక్సెల్ క్రాప్ కేర్ ఒకటి, 2018 నాటి రాజస్థాన్ సిలిండర్స్ ఒకటి. మొదటిది ధాన్యానికి పురుగు పట్టకుండా గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల కేసు. ఆ బిళ్లల సంగతి మన గోదాముల్లో హమాలీలకు కూడా తెలుసు. 2009లో ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) టెండరు పిలిస్తే మూడు కంపెనీలు కిలోకు 388 రూపాయలే వేశాయి. తర్వాత ఎఫ్‌సీఐ రాసిన ఉత్తరం మీదే కమిషన్ కదిలింది. అది కుమ్మక్కేనని సుప్రీంకోర్టు కూడా తేల్చింది. రెండోది వంటగ్యాస్ సిలిండర్లు చేసేవాళ్ల కేసు. అక్కడా ధరలు కలిశాయి. కానీ కొనేది మూడు ప్రభుత్వ చమురు కంపెనీలే, ధర ఎక్కడ తేలుతుందో అమ్మేవాళ్లందరికీ ముందే అంచనా ఉంటుంది. అలాంటిచోట ధరలు కలిసినంత మాత్రాన కుమ్మక్కు అనలేమని కోర్టు జరిమానాలు కొట్టేసింది. రేట్లు ఒకటే కనిపించగానే కేసు గెలిచినట్టేనని మన జూనియర్లు ఎగిరి గంతేస్తారు. ధర కలవడానికి ఇంకో కారణం ఏమైనా ఉందా అని అడగడం ఈ రెండూ కలిపి చదివితేనే అలవాటవుతుంది.

2017 తీర్పు ఒక్కటే చదివి, జరిమానాకు ఆ ఒక్క సరుకు టర్నోవరే లెక్కని పార్టీకి, అంటే కేసు అప్పగించిన మనిషికి, ఎవరూ భరోసా ఇవ్వకూడదు. 2023 సవరణతో లెక్క మారింది. గరిష్ఠ పరిమితికి ఇప్పుడు అన్ని సరుకుల మీద, ప్రపంచమంతటా వచ్చిన టర్నోవరు చూస్తారు. కమిషన్‌కు సమాచారం, అంటే ఫిర్యాదు, ఇవ్వడానికి మూడేళ్ల గడువు పెట్టింది కూడా ఆ సవరణే. పాత ఫైలు పట్టుకుని ఎవరైనా వస్తే ముందు తేదీ చూడమను.

ఇప్పుడు నన్ను ఇప్పటికీ వదలని సంగతి. చాలా ఏళ్ల కింద ఒక చిన్న కాంట్రాక్టరు పైపుల పని టెండరు ఫైలు తెచ్చాడు. వేసింది నలుగురు. రేట్లు వేరువేరుగానే ఉన్నాయి, పైకి ఏమీ తెలియదు. డీడీల జిరాక్సులు తీసి బల్ల మీద వరసగా పరిచాను. మూడింటిదీ ఒకే బ్యాంకు బ్రాంచి, ఒకే తేదీ, నంబర్లు ఒకదాని తర్వాత ఒకటి. మూడు కవరింగ్ లెటర్లలోనూ 'గ్యారంటీ' అన్న మాటకు ఇంగ్లీషు స్పెల్లింగు ఒకేలా తప్పు. నాలుగోవాడు మా పార్టీ. అంతా చూసి అతను ఫైలు మూసేశాడు. "నా పేరు బయటికొస్తే ఈ ఊర్లో నాకు మళ్లా పని యాడ దొరుకుతాది సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. సమాచారం ఇచ్చినవాళ్లు తమ పేరు గోప్యంగా ఉంచమని కమిషన్‌ను కోరవచ్చని అప్పుడు నాకు తెలియదు. నష్టపోయినవాడే రావాలని లేదు, సెక్షన్ 19 కింద ఎవరైనా సమాచారం ఇవ్వచ్చు. 2020లో సుప్రీంకోర్టు కూడా ఆ మాట స్పష్టంగా చెప్పింది. అది తెలియకే నేను అతన్ని ఉత్త చేతులతో పంపేశాను.

అందుకే ఒక సమావేశం పూర్తిగా దీనికే కేటాయించు. కాగితం ఎలా రాయాలి, పేరు దాచమని ఎలా కోరాలి, తొలి చూపులో కేసు ఉందనిపిస్తే కమిషన్ తరఫున డైరెక్టర్ జనరల్ చేసే దర్యాప్తు ఎలా నడుస్తుంది, అన్నీ చేయించి చూపించు. రింగులో ఉన్నవాడే ముందుగా వచ్చి పూర్తిగా బయటపెడితే సెక్షన్ 46 కింద జరిమానాలో నూటికి నూరు వరకు తగ్గించవచ్చు. రెండోవాడికి 50 శాతం వరకు, మూడోవాడికి 30 వరకు. ఎవరు ముందు వచ్చారన్నదే అక్కడ లెక్క. కమిషన్ ముందు వాదనకు సీఏలు కూడా రావచ్చు కాబట్టి ఆ రోజు మన ఊరి సీఏలను పిలువు. మార్కెట్ లెక్కలు మనకంటే వాళ్లకు బాగా తెలుసు.

వ్యాపార సంఘాలను పిలవకుండా ఉండలేవు, పిలవాలి కూడా. కానీ నేను చేసినట్టు చేయకు. అజెండా లేకుండా ఒక సంఘాన్ని పిలిచాను. ఉపన్యాసం అయ్యాక వరండాలో టీ తాగుతూ వాళ్లు మర్నాటి నుంచి అందరం ఒకే రేటు అమ్ముదామని మాట్లాడుకున్నారు, వెనక మన బ్యానర్ వేలాడుతూనే ఉంది. ఇదేమిటని అడిగితే, "రేటు మాట్లాడుకోకుంటే యాపారం ఎట్ల జేస్తాం సార్?" అని అమాయకంగానే అన్నాడు పెద్దాయన. అతనికి నిజంగానే తెలియదు, గంటన్నర మాట్లాడి మేం చెప్పింది అది కాదు మరి. అజెండా ముందే పంపించు. రేట్ల మాట వస్తే అక్కడే ఆపించు, ఆపించినట్టు మినిట్స్‌లో రాయించు. సంఘం తప్పు చేస్తే ఆఫీసు బేరర్ల మీద కూడా సొంతంగా జరిమానా పడుతుందని వాళ్లకు సూటిగా చెప్పు. వకీలు కనీస ఫీజు ఇంతని తీర్మానం చేద్దామని మన విభాగంలోనే ఎవరైనా అంటే ఒప్పుకోకు, అదీ రేటు కలుపుకోవడమే.

మార్కెట్ యార్డుకు వెళ్లాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ క్యాంపుగా వెళ్లండి. మన పేర్లతో ఫ్లెక్సీ కడితే అది ప్రచారం కిందికొస్తుంది, బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. అక్కడ రైతు మొదట అడిగేది యూరియా గురించే, బస్తా కావాలంటే ఇంకో డబ్బా కూడా కొనమని లింకు పెడుతున్నారని. అది ఢిల్లీ దాకా పోవాల్సిన పని కాదు, వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్తే త్వరగా తెగుతుంది. ఏది ఎక్కడికి వెళ్లాలో చెప్పగలిగితే రైతుకు అదే పెద్ద సాయం.

మనది సిమెంటు ఫ్యాక్టరీల ప్రాంతం కాబట్టి సిమెంటు కంపెనీల కుమ్మక్కు కేసు గురించీ అడుగుతారు. 2012లో 11 కంపెనీల మీద సుమారు 6,300 కోట్ల జరిమానా వేశారన్న అంకె దగ్గర ఆగిపోకు. వాదనలు పూర్తిగా వినని కమిషన్ ఛైర్మన్ ఆర్డరు మీద సంతకం పెట్టారని 2015లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని వెనక్కి పంపింది. మళ్లీ విని 2016లో కమిషన్ జరిమానా వేసింది. వకీలుకు పనికొచ్చేది ఆ వెనక్కి పంపిన భాగం.

ఆ పైపుల టెండరు కాగితాల జిరాక్సులు నా బీరువాలో ఉన్నాయి. పేర్లు కొట్టేసి సోమవారం గుమాస్తాతో పంపిస్తాను. జూన్‌లో మొదటిరోజు డీడీలు నువ్వు చదివి వినిపించకు. బల్ల మీద పరిచి, జూనియర్లు కనిపెట్టేదాకా ఆగు.

ఆశీస్సులతో,
మీ సీనియర్