వార్తలు చూస్తే రాజకీయం తెలిసినట్టేనా?

ప్రశ్న: రోజూ రెండు గంటలు టీవీ చర్చలు చూస్తాను. అయినా మా ప్రతినిధి ఏం పని చేశారో చెప్పలేను. లోపం ఎక్కడుందండీ?

జవాబు: చర్చల్లో గొడవ గుర్తుంటుంది, అంకె గుర్తుండదు. పైగా ముందే నచ్చిన వాదననే పట్టుకుంటాం కనుక అభిప్రాయం గట్టిపడుతుంది, అవగాహన పెరగదు. స్థానిక వార్త బలం వేరు. బ్రెజిల్‌లో 2003 నుంచి లాటరీ తీసి ఎంచుకున్న మున్సిపాలిటీల ఖర్చులను ఆడిట్ చేశారు. 2004 ఎన్నికలకు ముందే అవినీతి బయటపడిన మేయర్లు ఓట్లు పోగొట్టుకున్నారు, స్థానిక రేడియో ఉన్నచోట మరీ ఎక్కువగా. ఇది నిజంగా ఆశ కలిగించే విషయం.

మీరు ఒక గంట చర్చ మానేసి స్థానిక పేజీ చదవండి. ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, ఎవరు బాధ్యులు, ఈ మూడూ రాసుకోండి. ఫార్వర్డ్ మెసేజ్ అయితే ముందు తేదీ చూడండి; పాత ఫొటోకు కొత్త శీర్షిక తగిలించడం అక్కడ మామూలే.