పంతొమ్మిది పేర్లు

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం అందింది. పెన్సిల్ పట్టుకుని రెండు రాత్రులు కూర్చుని చదివాను. ‘పాశ్చాత్యేతర మార్క్సిజం’ అని పేరు పెట్టావు. లెక్కేస్తే పంతొమ్మిది మంది తేలారు. మావో ఉన్నాడు, హో చి మిన్ ఉన్నాడు, మన చరిత్రకారుడు కోశాంబి ఉన్నాడు, ఒక్కొక్కరికీ ఒక పేజీ. పెళ్ళి విందులో ఇరవై రకాలు వడ్డించి, ఒక్కటీ నోట్లో పెట్టుకోకముందే విస్తరి లాగేసినట్టుంది. కోపం తెచ్చుకోకు. మాస్టారూ, ఉన్నదున్నట్టు చెప్పండి అని నువ్వే రాశావు.

ముందు ఆ పేరు సంగతి. ‘పాశ్చాత్యేతర’ అన్నామంటే పశ్చిమాన్ని నట్టింట్లో కూర్చోబెట్టి మిగతావాళ్ళందర్నీ అరుగు మీద ఉంచినట్టే. 1881లో వేరా జసూలిచ్ అనే రష్యన్ విప్లవకారిణి మార్క్స్‌కి ఒక ఉత్తరం రాసింది. మా పల్లెల్లో ఇంకా ఉమ్మడి భూములున్నాయి, అవి నాశనమై పెట్టుబడిదారీ విధానం వచ్చాకే మాకు సోషలిజమా, లేక ఆ ఉమ్మడి నుంచే మొదలుపెట్టవచ్చా అని అడిగింది. ఆయన చిత్తుప్రతి మీద చిత్తుప్రతి రాశాడు. చివరికి పంపింది మాత్రం చిన్న జవాబు. తన ‘పెట్టుబడి’ పుస్తకంలో చెప్పిన అనివార్యత, అంటే పెట్టుబడిదారీ దారి తప్పదన్న మాట, పశ్చిమ యూరప్ దేశాల వరకే అన్నాడు. ఆ పుస్తకానికి మొదటి అనువాదం వచ్చింది కూడా రష్యన్‌లోనే, 1872లో. అంటే తూర్పు గొడవ తర్వాతెప్పుడో ఇంటికొచ్చిన చుట్టం కాదు, మొదట్నుంచీ ఇంట్లోనే ఉంది. నువ్వు దీన్ని ఫుట్‌నోట్‌లో పడేశావు. పైకి తీసుకురా.

తర్వాత, పదిహేడు మందిని తీసెయ్యి. అవును, పదిహేడే. మరియాతెగినీ కబ్రాల్‌నీ ఉంచు. ఎందుకో చెప్తాను.

హొసే కార్లోస్ మరియాతెగిది పెరూ. పద్నాలుగేళ్ళకే లిమాలో ఒక పత్రిక ప్రెస్సులో పనికి చేరాడు. డిగ్రీ లేదు. 1924లో ఒక కాలు తీసేశారు, అక్కణ్ణుంచి చక్రాల కుర్చీయే. ఆ కుర్చీలోంచే 1926లో ‘అమౌతా’ పత్రిక మొదలుపెట్టాడు. ఆదివాసుల కెచువా భాషలో ఆ మాటకి జ్ఞాని, గురువు అని అర్థం. 1928లో పెరూ వాస్తవికత మీద ఏడు వ్యాసాల పుస్తకం తెచ్చాడు, 1930లో ముప్పై అయిదేళ్ళకే పోయాడు. ఆయన రోజుల్లో పెద్దలంతా ఆదివాసుల సమస్యని చదువు సమస్య అనో, నీతి సమస్య అనో, చట్టాల సమస్య అనో అనేవాళ్ళు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: భూమి సమస్య. పెద్ద పెద్ద ఎస్టేట్లు పెట్టుకుని, ఊరి అధికారం కూడా గుప్పిట్లో ఉంచుకున్న దొరల చేతిలో భూమి ఉన్నంతకాలం ఎన్ని బడులు కట్టినా లాభం లేదన్నాడు.

సోషలిజం నకలూ కాదు, అనుకరణా కాదు, వీరోచిత సృష్టి కావాలి అన్న ఆయన మాటని నువ్వు నెత్తిన పెట్టుకున్నావు. ఆయన్ని చదవనివాళ్ళు కూడా ఆ వాక్యం వాడతారు. తీసెయ్యి. భూమి గురించిన వ్యాసాన్ని విప్పి చెప్పు చాలు.

ఇప్పుడు కబ్రాల్. నాకు ఇష్టమైన మనిషి, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. అమిల్కర్ కబ్రాల్ లిస్బన్‌లో వ్యవసాయ శాస్త్రం చదివాడు. 1953లో పశ్చిమాఫ్రికాలోని పోర్చుగీసు గినియాలో, అంటే ఇప్పటి గినియా-బిస్సౌలో, వలస ప్రభుత్వం తరఫునే వ్యవసాయ లెక్కలు తీసే ఉద్యోగం చేశాడు. ఊరూరా తిరిగాడు, ఎవరు ఏం పండిస్తున్నారు, ఎంత వేస్తున్నారు అని అడిగాడు. 1956లో తోటివాళ్ళతో కలిసి స్వాతంత్ర్యం కోసం రహస్యంగా పార్టీ పెట్టాడు. పుస్తకాల్లో ఉన్నట్టే ముందు పట్నం కార్మికుల వైపే చూశారు. 1959 ఆగస్టు 3న బిస్సౌ రేవులో సమ్మె చేస్తున్న కూలీల మీద కాల్పులు జరిగాయి. దాదాపు 50 మంది చనిపోయారు. ఆ తర్వాతే పల్లెలకి మళ్ళారు. 1963లో సాయుధ పోరాటం మొదలైంది.

నీ వ్యాసానికి ప్రాణం పోయగలిగిన ముక్క ఇక్కడుంది, నువ్వు చూడలేదు. ‘దున్నేవాడికే భూమి’ అనే నినాదంతో మా దగ్గర జనాన్ని కదిలించలేకపోయాం, ఎందుకంటే మా దగ్గర భూమికి కొరత లేదు అన్నాడు కబ్రాల్. పోర్చుగీసువాళ్ళు అక్కడ భూములు పెద్దగా లాక్కోలేదు. దోపిడీ అంతా వేరుశనగకి కట్టే ధరలో ఉంది, పన్నులో ఉంది, బలవంతపు చాకిరీలో ఉంది. అక్కడ కూడా అందరూ ఒక్కటి కాదు. ఫులా తెగవాళ్ళకి పెద్దలున్నారు, దొరతనం ఉంది. బలాంతా తెగవాళ్ళకి రాజూ లేడు, దొరా లేడు. ఎవరు ముందు కలిసొస్తారో ఆయన ఆ తేడాల్లోంచి లెక్క కట్టాడు. 1966లో హవానాలో మాట్లాడుతూ, చరిత్రంటే వర్గ పోరాటమే అయితే వర్గాలు లేని జనానికి అసలు చరిత్రే లేదంటామా అని అడిగాడు.

చూశావా? ఒకాయన భూమే మూలం అన్నాడు, రెండో ఆయన మా దగ్గర భూమి కాదన్నాడు. ఇద్దరూ మార్క్సిస్టులే, ఇద్దరిదీ ఒకే ప్రశ్న: ఇక్కడ ఎవరి కష్టం ఎవరికి, ఏ దారిన పోతోంది? జవాబులు ఎదురూబొదురూ. ఈ ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి పది పేజీలు రాశావంటే నీ పంతొమ్మిది మందీ చెప్పలేనిది చెప్తుంది.

ఇందులో నాకూ ఒక దెబ్బ తగిలింది. నీ వయసులో మా ఊరి మీద వ్యాసం రాశాను. చైనా పుస్తకాల్లోంచి ధనిక రైతు, మధ్యతరగతి రైతు, పేద రైతు అని గళ్ళు గీసుకుని ఊళ్ళో అందర్నీ అందులో సర్దేశాను. ఒక చిన్న పత్రిక వేసింది కూడా. మా నాన్నకి చదివి వినిపించాను. ఆయనకి సొంతం అరెకరం, కౌలు రెండెకరాలు, ఎండాకాలం కూలి. అంతా విని, “ఇందులో మనం ఎవర్రా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేకపోయాను.

పెద్దవాళ్ళకీ ఇదే చిక్కు. 1948లో ఆంధ్ర కమ్యూనిస్టులు తెలంగాణ పోరాటాన్ని చూసి మనకి చైనా దారే దగ్గర అని డాక్యుమెంట్ రాస్తే, పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే 1949లో మావోనే తప్పుపట్టాడు. 1951లో నలుగురు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో మాట్లాడి వచ్చారు. ఆ ఏడు అక్టోబరులో పోరాటం ఆగింది. దీన్ని నువ్వు వెటకారంగా రాశావు. వద్దమ్మా. సుందరయ్య గారి లెక్క ప్రకారం దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. వెట్టి ఆగింది. దొరని ‘నీ బాంచన్’ అనడం ఆపిన మనిషి ఏ డాక్యుమెంట్ చదివి ఆపాడు? ఆ ప్రశ్న రాయి, వెటకారం దానంతటదే పోతుంది.

వాళ్ళ తప్పులు దాచకు. మరియాతెగి పుస్తకంలో నల్లవాళ్ళ గురించి, చైనా వలస కూలీల గురించి చులకన మాటలున్నాయి. స్పెయిన్‌వాళ్ళు రాకముందు పెరూని ఏలిన ఇంకాల కాలాన్ని ఆయన కాస్త ఎక్కువే పొగిడాడు. కబ్రాల్ 1973 జనవరి 20న సొంత పార్టీవాళ్ళ చేతుల్లోనే చనిపోయాడు. ఆయన కలిపి ఉంచాలనుకున్న గినియా-బిస్సౌ, కేప్ వెర్డీ దీవులు 1980 సైనిక కుట్రతో విడిపోయాయి. ఇవన్నీ రావాలి.

భాష గురించి ఒక్కటే. ‘ఉత్పత్తి సంబంధాలు’ నలభై ఒక్కసార్లు వచ్చింది, గుర్తు పెట్టి లెక్కపెట్టాను. మొదటిసారి ఉంచు. మిగతా చోట్ల అక్కడ నిజంగా ఏముందో ఆ మాట రాయి: కౌలు, అప్పు, వడ్డీ, వెట్టి, వేరుశనగ ధర.

ఈ నెలాఖరుకి నాకు కంటి ఆపరేషన్ ఉంది. రెండో ప్రతి తొందరపడి పంపకు. పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు. మీ ఊళ్ళో ఈ ఏడు కౌలు ఎకరానికి ఎన్ని బస్తాలో కూడా కనుక్కుని రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు