మార్కెట్ గోల కూడా కళేనా?

ప్రశ్న: కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయల బేరాలు ఫోన్లో రికార్డు చేస్తుంటాను. ఒక క్లిప్పు పంపుతున్నాను. ‘ఇది సౌండ్ ఆర్ట్ నాన్నా’ అంటుంది మా అమ్మాయి. గోల కళెలా అవుతుందండీ?
– ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: అవుతుందండీ. చప్పుళ్లతో చేసే కళనే సౌండ్ ఆర్ట్ అంటారు. కెనడాలో స్వరకర్త మర్రే షేఫర్ బృందం వాంకూవర్ ఓడల కూతలు, ఊళ్లో చప్పుళ్లు పోగుచేసి 1973లో ఎల్‌పీ రికార్డులుగా తెచ్చింది. అయితే రికార్డు చేసేస్తే సరిపోదు. ఏది ఉంచాలి, దేని పక్కన ఏది పెట్టాలి అన్న దగ్గరే అసలు పని. మీ క్లిప్పులో తక్కెడలో రాయి పడ్డ చప్పుడు, వెంటనే ‘కొసరెయ్యవయ్యా’ అన్న పెద్దావిడ గొంతు. నాకైతే ఆ ముక్క చాలు. దయచేసి వెనక పాట మాత్రం కలపకండి, రీల్స్‌లో ఆ బాధ ఎలాగూ పడుతున్నాం. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మైకుకి గాలి కొట్టకుండా పట్టుకోండి. నలుగురికీ వినిపించే ముందు ఆ పెద్దావిడనీ, కొట్టతన్నీ ఒకమాట అడగండి.