కాగితంలో కాస్త ఖాళీ ఉంచవే తల్లీ

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. ఒక్క బిల్డింగూ, ఒక్క బస్సూ వేయకుండా ఉత్త గీతలతోనే సిటీ హడావుడంతా చూపిస్తావట, అదీ రోడ్డు పక్కన నిలబడి. ఎంత గర్వంగా అనిపించిందో, ఆ వెంటనే అంత టెన్షనూ పట్టుకుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గీయకు, వీపు గోడకు ఆనించి నిలబడు. నవ్వుకుంటే నవ్వుకో, రోడ్డు మీద చెవులు మూసుకున్న మనిషిని చూస్తే నాకు భయం. అయినా లయ పట్టుకోవడానికి వెళ్తూ చెవులు మూసుకోవడమేమిటే!

బొగ్గు, ఒక నల్ల క్రేయాన్, చౌక కాగితం చాలు.

పోయినేడు నువ్వు పంపిన మార్కెట్ బొమ్మ నా బల్ల మీదే ఉంది. అందులో వేలు పెట్టడానికి సందు లేదు. జనం ఎక్కువని గీతలూ ఎక్కువ పెట్టేశావు, అన్నీ ఒకే మందం, ఒకే వేగం, కాసేపటికి కన్ను దేన్నీ పట్టించుకోవడం మానేసింది. తాళం వేసే చెయ్యి పైకి లేస్తేనే కదా తర్వాతి దెబ్బ వినపడేది! సిగ్నల్ దగ్గర చూడు. ఎర్ర లైటు పడితే బళ్లు దగ్గర దగ్గరగా వచ్చి ఆగుతాయి. పచ్చ లైటు పడ్డాక అన్నీ ఒక్కసారి కదలవు, ముందుది కదిలాక దాని వెనకది, ఆ తర్వాత దాని వెనకది, కదలిక అలా వెనక్కి పాకుతూ పోతుంది. నిలువు గీతలు ఇరుకుగా మొదలుపెట్టి సందులు పెంచుకుంటూ పో, బ్రేకు పడ్డ చోట బొగ్గు నొక్కు, వదిలిన చోట చెయ్యి తేల్చేయ్. బండి బొమ్మ ఎందుకిక?

డచ్ చిత్రకారుడు మాండ్రియన్ 1940లో న్యూయార్క్ చేరేనాటికి 68 ఏళ్లవాడు. ఏళ్ల తరబడి నల్లగీతల గళ్లు వేసిన ఆ మనిషి 'బ్రాడ్‌వే బూగీ వూగీ' అనే బొమ్మలో (1942–43) ఆ నలుపే తీసేసి, పసుపు పట్టీలను ఎరుపు, నీలం, బూడిద రంగు చిన్న చదరాలతో తుంపేశాడు. అందుకే కన్ను ఆగి ఆగి పరిగెడుతుంది. మధ్యలో తెలుపు ఎంత వదిలాడో కూడా చూడు. ఆ రోజుల్లో రంగు టేపు ముక్కలు అంటించి, అటూ ఇటూ జరిపి చూసుకునేవాడు. నువ్వూ కాగితం పీలికలతో అలా చూసుకో, గీసేశాక చెరుపుకోవడం కన్నా నయం.

ఒకే చోటికి తెల్లవారుజామునా వెళ్లు, సాయంత్రమూ వెళ్లు. చీకటి పడితే మాత్రం ఇంటికి వచ్చెయ్.

పాడైనవైనా సరే ఫోటో తీసి పంపు, చించెయ్యకు. నిన్ను తిడతానులే, మీ అమ్మకు మాత్రం బాగున్నాయనే చెప్తాను.

మామయ్య