రంద మెషిన్ కొనాలా, మిల్లుకే పోవాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. జీతం చేతికి 46,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 14,500, ఇంటి ఖర్చు 19,000, పాప చదువుకు 4,000, చిట్టీకి 5,000 పోతాయి. బ్యాంకులో 70,000 ఉన్నాయి. సెలవుల్లో ఇంటి వెనుక రేకుల షెడ్డులో చెక్క పని చేస్తాను. కూల్చిన పెంకుటిళ్ల పాత టేకు కొని పీటలు, చిన్న అల్మారాలు చేస్తాను. రంద పట్టించడానికి నెలకు రెండుసార్లు కోత మిల్లుకు పోతే, ఆటోతో కలిపి ఒక్కోసారి 550 అవుతోంది. ఆన్‌లైన్‌లో చిన్న థిక్‌నెస్ ప్లానర్ (పలకను ఒకే మందానికి తీసే రంద మెషిన్) 39,500కు ఉంది, తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐ. మూడేళ్లలో డబ్బు తిరిగొస్తుందని నా లెక్క. లక్ష రూపాయల చిట్టీ ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది, నేను ఇంకా ఎత్తలేదు. ఇప్పుడే పాడి ఎత్తమంటారా? మాలాంటి వాళ్లకు ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా?

జవాబు: కొనండి. కానీ ఈ నెల వద్దు, ఈఎంఐ మీద అసలే వద్దు.

ఖర్చులన్నీ పోను మీకు నెలకు మిగిలేది 3,500. ఆ ఈఎంఐ దాదాపు 4,400. అంటే మొదటి నెల నుంచే దాచుకున్న 70,000లో చెయ్యి పెట్టాలి. చిట్టీ పక్కన పెట్టినా మీ ఇల్లు గడవడానికి 37,500 కావాలి. ఉన్న డబ్బు రెండు నెలలకు కూడా నిండుగా రాదు. ప్రైవేటు కాలేజీల్లో వేసవి జీతాల టెన్షన్ మీకు నేను చెప్పక్కర్లేదు. పైగా నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

ఇక మీ మూడేళ్ల లెక్క. నెలకు 1,100 చొప్పున మూడేళ్లకు 39,600, అంకెలు సరిగ్గానే సరిపోయాయి. అయితే ఆ మెషిన్ వచ్చాక మిల్లుకు పోవడం పూర్తిగా ఆగిపోతుందని మీరు అనుకున్నారు. అక్కడే తేడా వస్తుంది. థిక్‌నెస్ ప్లానర్ చెక్కను ఒకే మందానికి తెస్తుంది కానీ వంకర తీయదు. వంగిన పలకను లోపలి రోలర్లు అదిమి పట్టి పంపుతాయి, బయటికి రాగానే అది మళ్లీ మొదటిలాగే వంగుతుంది. మిల్లులో ముందు ఒక ముఖాన్ని చదును చేసి, తర్వాతే మందం తీస్తారు. పాత ఇళ్ల చెక్కలో మెలి తిరగనిది తక్కువే. ఆ మొదటి ముఖం మీరు చేతి రందతో తీయగలిగితే సరే. లేదంటే చదునైన మందపాటి ప్లైవుడ్ మీద పలకను పెట్టి, ఊగే చోట చిన్న చెక్క ముక్కలు దోపి, కదలకుండా బిగించి మొత్తంగా మెషిన్‌లోకి పంపాలి. పని అవుతుంది కానీ ఓపిక కావాలి.

సగం సార్లు మిల్లుకు పోక తప్పదనుకుందాం. అప్పుడు ఏడాదికి మిగిలేది 6,600. మెషిన్‌తో పాటు పొట్టు లాగే వాక్యూమ్, అదనపు బ్లేడ్ల సెట్టు, షెడ్డుకు 16 ఆంప్స్ పవర్ సాకెట్‌ వైరింగ్ కోసం ఇంకో 9,000 తీసిపెట్టండి. మొత్తం 48,500 తిరిగి రావడానికి ఏడేళ్లు దాటుతుంది. కరెంటు బిల్లు గురించి మాత్రం బెంగ వద్దు. ఇలాంటి మోటార్లు గంటకు రెండు యూనిట్లకు మించి కాల్చవు.

అసలు ఖర్చు బ్లేడ్ల దగ్గర ఉంది. టేకులో సహజంగానే ఇసుకలాంటి సిలికా ఉంటుంది, అది పదును త్వరగా తినేస్తుంది. మీది పాత చెక్క కాబట్టి మేకులు కూడా ఉంటాయి. కనబడకుండా విరిగిపోయిన ఒక్క మేకు చాలు బ్లేడుకు గాటు పడటానికి. ఆ తర్వాత తీసిన ప్రతి పలక మీద గీత వస్తుంది. చేతిలో పట్టే చిన్న మెటల్ డిటెక్టర్ ముందు కొనండి. మెషిన్ కొన్నా కొనకపోయినా అది మీకు పనికొస్తుంది.

చిట్టీని ఇప్పుడు పాడి ఎత్తొద్దు. ఐదు నెలలు ఆగితే పాటలో ఏమీ వదులుకోకుండా, కమిషన్ పోను మిగిలినదంతా చేతికి వస్తుంది. అందులో మొదట 45,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. దాంతో మూడు నెలల ఖర్చుకు ధైర్యం ఉంటుంది. మిగతాదే మెషిన్ డబ్బు. ఆ నెల నుంచి మీకు 5,000 ఖాళీ అవుతుంది కాబట్టి రెండు మూడు వేలు తగ్గినా అక్కడే సర్దుబాటవుతాయి. ఏడేళ్లకు గానీ తిరిగిరాని దాన్ని కొనండని ఎందుకు అంటున్నానంటే, ఇది మీకు ఇష్టమైన పని. ఆ ఇష్టానికి డబ్బు పెట్టడంలో తప్పు లేదు, అప్పు చేయకుండా ఉంటే చాలు.

ప్రభుత్వ సాయం అడిగారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులు ఉన్నారు, కానీ అది కులవృత్తిగానో సంప్రదాయంగానో సొంతంగా ఆ పని చేసుకుని బతికేవాళ్లకు. జీతం మీద ఉన్న మీకు వర్తించదు. మీకు తెలిసిన వడ్రంగి ఎవరైనా ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి. పనిముట్లకు 15,000 దాకా, మొదటి విడతలో లక్ష వరకు 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. ఆయన మెషిన్ కొనుక్కుంటే మీ పలకలు ఆయన దగ్గరే తీయించుకోవచ్చు, మీకు మెషిన్ ఖర్చే ఉండదు.

ఈ ఐదు నెలలూ మిల్లుకు పోయినప్పుడల్లా ఎన్ని పలకలు తీశారో, వాటిలో ఎన్ని వంకరవో ఒక నోటుబుక్కులో రాసుకోండి. మెషిన్ అమ్మేవాళ్లను మాత్రం ధరకంటే ముందు ఒకటే అడగండి: ఈ మోడల్ బ్లేడ్ల సెట్టు ఎంత, వరంగల్‌లో ఎక్కడ దొరుకుతుంది? దానికి సరైన జవాబు రాకపోతే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.