పెంపుడు ఎలుకకు పక్కులు: ఇంట్లో ఉన్న దురద క్రీము రాయొచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో రెండు పెంపుడు ఎలుకలున్నాయి. ఒకటి మూడు వారాలుగా మెడ, భుజాల దగ్గర ఒకటే గోక్కుంటోంది. బొచ్చు ఊడి పక్కులు కట్టాయి. పల్లీలు ఎక్కువ పెట్టడం వల్లేనా? ఏం పెట్టాలి, ఏం మానాలి? ఇంట్లో ఉన్న దురద క్రీము రాస్తున్నాం, కాస్త తగ్గినట్టే ఉంది. కుక్కల పిడుదుల మందు ఒక్క చుక్క వేస్తే పూర్తిగా పోతుందంటున్నారు, వేయొచ్చా? రెండో ఎలుక బాగానే ఉంది. మా పాప ముంజేతి మీద కూడా గుండ్రటి మచ్చ ఒకటి వచ్చింది.
- ఒక పాఠకురాలు

జవాబు: తిండి గురించి అంత వివరంగా అడిగి, పాప మచ్చ సంగతి చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. నన్ను టెన్షన్ పెట్టింది అదే. గుండ్రటి మచ్చ తామర కావచ్చు, ఎలుక నుంచి మనిషికి అంటుకునే రకం కూడా ఉంది. కాకపోనూ వచ్చు. నేను పశువుల డాక్టరుని, పాపను చర్మవ్యాధుల డాక్టరుకే చూపించండి. ఇంట్లో ఎలుక ఉందని, దానికీ పక్కులున్నాయని మీరే చెప్పాలి, వాళ్లకు అడగాలని తోచకపోవచ్చు. ఎలుక కొరికినా గీరినా ఆ తర్వాత జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, కీళ్ల నొప్పులు వస్తే మాత్రం ఆ రోజే వెళ్లండి.

ఇక ఎలుక. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మెడ, భుజాల దగ్గర గోకుడు, పక్కులు అనగానే ముందు అనుమానించేది బొచ్చులో ఉండే మైట్స్ అనే చిన్న పురుగులనే. అవి కంటికి దాదాపు ఆనవు. పేలైతే వెలుతురులో కదులుతూ కనిపిస్తాయి. చెవి అంచుల్లో, ముక్కు మీద, తోక మీద పులిపిర్లలా గరుకుగా లేస్తే అది వేరే రకం మైట్. ఎరుపూ పక్కూ ఏమీ లేకుండా బొచ్చు మాత్రం కత్తిరించినట్టు పోతే తోటి ఎలుక కొరుకుతోందేమో గమనించండి. పల్లీలు కాస్త తగ్గించండి, అంతే. తిండి మార్చి చూద్దామని ఇంకో మూడు వారాలు గడిపేయకండి.

అసలు కోపం వచ్చింది ఆ క్రీము మీద. అది ఏ క్రీమో మీరు చెప్పలేదు. ఇళ్లలో మిగిలిపోయే దురద క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రాయగానే ఎరుపు, దురద తగ్గుతాయి, అందుకే మీకు తగ్గినట్టు అనిపించింది. అది తామరైతే పైకి చల్లారి కింద పాకుతూనే ఉంటుంది. పైగా ఎలుక ఒంటికి రాసింది ఒంటి మీద ఉండదు. అది నాకేస్తుంది, పక్కది కూడా వచ్చి నాకుతుంది. పెంపుడు ఎలుకల్లో చాలావాటి ఊపిరితిత్తుల్లో మైకోప్లాస్మా అనే క్రిమి ముందు నుంచే ఉంటుంది. స్టెరాయిడ్ ఒంట్లోకి వెళితే రోగనిరోధక శక్తి తగ్గి అది విజృంభించవచ్చు. చర్మానికని రాసి, శ్వాస గురగురమంటోందంటూ తీసుకొచ్చినవాళ్లు నా దగ్గరికి చాలామందే వచ్చారు. ఈ రోజు నుంచే ఆపేయండి.

పిడుదుల మందు అసలు వద్దు. పది కిలోల కుక్క, 400 గ్రాముల ఎలుకకు 25 రెట్లు. చుక్క అనేది కొలత కాదమ్మా. మోతాదు మించితే తూలడం, వణుకు, ప్రాణం మీదికి రావడం కూడా జరగవచ్చు. మైట్స్‌కు మేం వాడే మందులు ఐవర్‌మెక్టిన్, సెలమెక్టిన్ కూడా ఎలుకను తూచి లెక్క కట్టి ఇచ్చేవే. మైట్స్ గుడ్ల మీద ఇవి పనిచేయవు కాబట్టి డాక్టరు చెప్పిన వ్యవధిలో మళ్లీ ఇవ్వాలి. మొదటి డోసుకే గోకుడు తగ్గిందని రెండోది ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ.

చర్మం గీకి మైక్రోస్కోపులో చూస్తారు. అందులో ఏమీ కనపడకపోయినా మైట్స్ లేవని కాదు, లక్షణాలను బట్టి మందు మొదలుపెట్టవచ్చు. తామర అనుమానముంటే కల్చర్‌కు, అంటే ల్యాబులో ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్షకు పంపుతారు, రెండు మూడు వారాలు పడుతుంది. పుండులో చీముంటే యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. చర్మం కింద గడ్డ ఏదైనా తగిలిందా? ఆడ ఎలుకలకు రొమ్ము కణజాలం మెడ నుంచి తొడల దాకా పరుచుకుని ఉంటుంది, అందుకే భుజం దగ్గర గడ్డైనా రొమ్ము గడ్డ కావచ్చు.

బయట ఇంకా నలుగురున్నారు, మిగతాది త్వరగా చెబుతాను. బోను కడిగి, గుడ్డలు, పొట్టు మార్చండి. దేవదారు, పైన్ పొట్టు వాడుతుంటే మానేసి కాగితం ముక్కలు వేయండి. పుండ్లను ఎక్కువగా రేపేది వెనక కాళ్ల గోళ్లే, వాటిని కాస్త కత్తిరించమని డాక్టరుని అడగండి. కళ్ల చుట్టూ ఎర్రగా కనిపిస్తే నెత్తురని భయపడొద్దు, అది కంటి దగ్గరి గ్రంథి నుంచి వచ్చే ఎర్రటి స్రావం. కానీ ఎలుకకు ఒంట్లో బాగోలేదనడానికి గుర్తు కావచ్చు, డాక్టరుకు చెప్పండి. తిండి మానేసినా, ఊపిరికి కష్టపడుతున్నా రేపటిదాకా ఆగవద్దు.

వెళ్లేటప్పుడు బాగానే ఉందన్న రెండో ఎలుకను కూడా తీసుకెళ్లండి, రెండింటికీ కలిపే మందు పడాలి. ఆ క్రీము ట్యూబు కూడా మర్చిపోవద్దు.